సంచీ ఎవరిదైనా కేసు మోసినవాడిదే

మిర్చి కోతలు మొదలైనప్పటి నుంచి నా దగ్గరికి ఆరు గంజాయి కేసులు వచ్చాయి. ముద్దాయిల్లో ఒక్కడికీ పాతికేళ్లు నిండలేదు. నాలుగు కేసుల్లో తండ్రులది ఒకటే మాట: "మావాడికి సిగరెట్ అలవాటు కూడా లేదండీ, ఎవరో ఇస్తే సంచీ పట్టుకొచ్చాడు." నిజమే కావచ్చు. కానీ మత్తుపదార్థాల (ఎన్‌డీపీఎస్) చట్టం ఆ మాట దగ్గర ఆగదు.

సరుకు మీ దగ్గర దొరికిందని తేలితే, అది గంజాయని మీకు తెలుసనే కోర్టు ముందుగా అనుకుంటుంది. 35, 54 సెక్షన్లు చెప్పేది అదే. తెలియదని మీరే రుజువు చేసుకోవాలి, అదీ సందేహానికి తావు లేకుండా. 20 కేజీలు దాటితే కనీసం పదేళ్ల జైలు, లక్ష జరిమానా. 37వ సెక్షన్ వల్ల బెయిలు మహా కష్టం. కాబట్టి ఎవరి సంచీ మోయకండి. స్నేహితుడిదైనా, సీనియర్‌దైనా మోయకండి.

తాజా కేసు తాడికొండ వైపు రైతుది. కొడుకు అమరావతిలో ఇంజినీరింగ్ రెండో ఏడు. విశాఖ వెళ్లి తిరిగొస్తుంటే సీనియర్ టిక్కెట్ తీసిచ్చి, "గుంటూరు స్టేషన్లో మావాడొచ్చి తీసుకుంటాడు" అని ఒక బ్యాగు అప్పగించాడు. పంచనామాలో రాసిన బరువు 21 కేజీలు.

ఆ తండ్రి నా దగ్గరికి వచ్చింది పందొమ్మిదో రోజున. అప్పటిదాకా ఒక నాయకుడి ఇంటి చుట్టూ తిరిగాడు. కోల్డ్ స్టోరేజీలో దాచుకున్న మిర్చి టిక్కీలను ధర లేని రోజున అమ్మి ఎవరెవరి చేతుల్లోనో పోశాడు. అంతకన్నా ఘోరం, కుర్రాడి ల్యాప్‌టాప్‌లో ఉన్న సీనియర్ మెసేజీలను బావమరిది చెరిపేశాడు, పోలీసులు చూస్తే ఇంకా ఇరుక్కుంటాడని! కుర్రాడికి తెలియదని చెప్పగల సాక్ష్యం అదొక్కటే. మొదటి రోజే వచ్చి ఉంటే స్టేషన్ సీసీ కెమెరా రికార్డును భద్రపరచమని కోర్టును అడిగేవాణ్ణి. ఏదీ చెరపకండి, ముందు వకీలు దగ్గరికి రండి.

సోదా చేసేటప్పుడు గెజిటెడ్ అధికారిని పిలవలేదు కదా అని ఇంకొందరు ధీమాగా వస్తారు. 50వ సెక్షన్ ఇచ్చిన ఆ హక్కు ఒంటి మీద సోదాకే. చేతిలోని బ్యాగుకు వర్తించదని సుప్రీంకోర్టు 2005లో పవన్ కుమార్ కేసులో చెప్పింది, 2023లో మళ్లీ చెప్పింది. సంచీ మోసినవాడికి ఆ రక్షణా లేదు.

ఇక మిగిలింది బరువు. "యార్డులో గోతం బరువు తీసేయకుండా కాయకు డబ్బు కడతారా?" అని ఆ రైతును అడిగాను. చట్టం లెక్కలో గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉన్న కొసలు. వాటితో కలవకుండా విడిగా ఉన్న ఆకు, గింజ లెక్కలోకి రావు. ఈ పంచనామాలో ప్యాకెట్లతో సహా తూచి ఒకే అంకె వేశారు. పూతెంత, ఆకెంత, కాడెంత, కవరెంత అన్నది విడిగా రాయడానికి ఎంతసేపు పడుతుంది? ఆ కాస్త ఓపిక లేక ఒక పిల్లవాడి పదేళ్లు పణంగా పెట్టే హక్కు ఏ అధికారికీ లేదు.

నిజంగా అలవాటు పడ్డ పిల్లల సంగతి వేరు. పరువు పోతుందని దాచకండి. దేశంలో 3 కోట్ల మందికి పైగా గంజాయి, భంగు వాడుతున్నారని 2019లో కేంద్రం ప్రకటించిన సర్వే చెప్పింది, ఈ కష్టం మీ ఒక్క ఇంటిదే కాదు. తనంతట తాను ప్రభుత్వ కేంద్రంలోనో, గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చికిత్సకు వెళ్లిన బాధితుడికి, వాడిన నేరంలోనూ కేజీ లోపు సరుకు కేసులోనూ 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. సలహాకు 14446కు ఫోన్ చేయండి.

తాడికొండ కుర్రాడి బెయిలు పిటిషన్ వచ్చే వారం వాదనకు వస్తుంది. కవర్లు తీసేస్తే బరువెంత అన్నదే నా మొదటి ప్రశ్న. పరీక్షలు ఎటూ పోయాయి. బ్యాగు ఇచ్చిన సీనియర్ ఫోన్ ఇప్పటికీ స్విచాఫ్‌లోనే ఉంది.