విడివిడిగా సరే, కలిపితే?

మీలో ముగ్గురు కలిసి మార్కుల జాబితా తయారుచేసే కంప్యూటర్ ప్రోగ్రామ్ వ్రాస్తున్నారనుకోండి. ఒకరు మార్కులు తీసుకునే భాగం, ఒకరు కూడే భాగం, మరొకరు అచ్చువేసే భాగం వ్రాశారు. ఎవరి భాగాన్ని వారు పరీక్షించుకున్నారు. అన్నీ సరిగానే ఉన్నాయి. తీరా మూడూ కలిపి నడిపితే, లెక్కల పరీక్షనాడు జ్వరం వచ్చి బడికి రాని కుర్రవాడికి మిగిలిన పరీక్షలలో 312 మార్కులు వచ్చినా, మొత్తం 311 అని పడింది!

పరీక్షకు రానివారికి గుర్తుగా మొదటి భాగం -1 వేస్తుంది. ఆ సంగతి రెండవ భాగానికి తెలియదు. -1 కూడా మార్కే అనుకుని కూడేసింది. మరి తప్పు ఏ భాగంలో ఉన్నట్లు? విడిగా చూస్తే దేనిలోనూ లేదు. రెండూ కలిసే చోట ఉంది. అందుకే భాగాలను కలిపి చూసే పరీక్ష వేరుగా ఉండాలి. దానిని ఇంటిగ్రేషన్ టెస్టింగ్ అంటారు. మనం కలయిక పరీక్ష అందాం.

భాగాలను ఏ వరుసలో కలపాలి? అన్నిటినీ ఒక్కసారే కలిపేయడం 'బిగ్ బ్యాంగ్' పద్ధతి. మూడు భాగాలకైతే పరవాలేదు. మూడు వందలుంటే మాత్రం, తప్పు ఎక్కడ పుట్టిందో వెదికేసరికి తలప్రాణం తోకకు వస్తుంది.

కింది నుంచి పైకి కలుపుతూ పోవచ్చు. అప్పుడు అడుగు పనులు చేసే భాగాలను పిలిచి పనిచేయించడానికి ఒక తాత్కాలిక ప్రోగ్రామ్ కావాలి. దాని పేరు డ్రైవర్. పైనుంచి కిందికి వస్తే, ఇంకా తయారుకాని భాగం స్థానంలో ఒక ఉత్తుత్తి భాగాన్ని నిలబెడతారు. దాని పేరు స్టబ్. మన కూడే భాగానికి బదులు స్టబ్ పెడితే అది ఏమీ కూడదు. ఎప్పుడడిగినా ముందే వ్రాసిపెట్టిన 400 అనే జవాబు చెబుతుంది, అంతే.

లెక్కలలోనే చిక్కు ఉంటే కింది నుంచి వెళ్ళడం మేలు. వాడేవారికి తెరమీద ఎలా కనిపిస్తుందో ముందే చూపాలంటే పైనుంచి రావాలి. పెద్ద పనులలో రెండూ కలిపి వాడతారు. నన్నడిగితే పద్ధతి ఎంపిక కంటే ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. స్టబ్‌ను ఎప్పుడు తీసి, అసలు భాగాన్ని పెట్టి చూస్తారు?

1996 జూన్ 4న దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానాలో, కూరూ కేంద్రం నుంచి ఐరోపా దేశాల కొత్త రాకెట్ ఏరియన్-5 తొలిసారి పైకి లేచింది. అందులో నాలుగు ఉపగ్రహాలున్నాయి. సుమారు 40 సెకన్లలో అది దారితప్పి, గాలి వత్తిడికి విరిగి పేలిపోయింది.

రాకెట్ వేగాన్నీ దిశనూ చెప్పే పరికరంలోని ప్రోగ్రామ్ పాత రాకెట్ ఏరియన్-4 నుంచి తెచ్చినది. అక్కడ చక్కగా పనిచేసింది. కాని ఏరియన్-5కు క్షితిజ సమాంతర వేగం చాలా త్వరగా పెరుగుతుంది. ఆ వేగానికి సంబంధించిన ఒక సంఖ్యను 16 బిట్ల చోటులో ఇమడ్చాలి. ఒక బిట్టు ధన, ఋణ గుర్తుకు పోగా మిగిలేవి 15. రెండును 15 సార్లు వేసి గుణించి, ఒకటి తీసివేయండి. 32,767 వస్తుంది. అంతకు మించితే చోటు లేదు. సంఖ్య మించింది. పరికరం ఆగిపోయింది. తోడుగా పెట్టిన రెండవ పరికరంలోనూ అదే ప్రోగ్రామ్ కనుక, అది అప్పటికే ఆగిపోయి ఉంది!

ఆగిపోతూ పరికరం పంపిన లోపసూచనను ముఖ్య కంప్యూటర్ ప్రయాణ వివరాలుగా తీసుకుంది. మన -1 కథే. లేని వంకరను సరిదిద్దబోయి, మంటలు చిమ్మే నాజిళ్ళను చివరికంటా తిప్పేసింది.

నేలమీద కలయిక పరీక్షలు చేయలేదా? చేశారు. అయితే వాటిలో ఆ పరికరం లేదు. దాని జవాబులను అనుకరించే ప్రోగ్రామ్‌ను బదులుగా పెట్టారు. అసలు పరికరం విడిగా పరీక్షలలో నెగ్గినదే కదా అన్నది వారి ధీమా. ప్రమాదం తరువాత, పరికరంలోని అసలు ప్రోగ్రామ్‌ను నేలమీద కంప్యూటర్లో ఉంచి, ఏరియన్-5 పయనించిన దారి వివరాలను దానికి అందించారు. ఆకాశంలో జరిగినదంతా అదే వరుసలో మళ్ళీ జరిగింది.