తూకపు ముల్లు చెప్పని సంగతులు

"ఆరు కిలోలు తగ్గానండీ" అంటూ కొన్నేళ్ల క్రితం నెల్లూరు నుండి ఒక గుమాస్తాగారు నా వద్దకు వచ్చారు. రొయ్యల వ్యాపారంలో లెక్కలు వ్రాసే ఉద్యోగం, నలభై అయిదేళ్ల వయస్సు. రెండు నెలలుగా ఉదయం పూట నడుస్తున్నారు, రాత్రి అన్నం మాని రెండు పుల్కాలు తింటున్నారు. నేను సంతోషించి "భేష్, ఇట్లాగే కొనసాగించండి" అని పంపివేశాను.

అది నేను చేసిన పొరపాటు. నెల తిరగకముందే ఆయన భార్య వచ్చింది. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నారనీ, చెంబుల కొద్దీ నీరు త్రాగినా దాహం తీరడం లేదనీ, మేడమెట్లు ఎక్కితే తొడలు వణుకుతున్నాయనీ చెప్పింది. రక్తపరీక్ష చేయిస్తే మధుమేహం బాగా ముదిరినట్లు తేలింది. ఆయన శరీరంలో క్రొవ్వుతోపాటు మాంసధాతువు కూడా క్షీణించిపోతున్నది. ఆ మొదటి రోజుననే దాహం ఎట్లా ఉంది, నిద్ర ఎట్లా ఉంది, మెట్లు ఎక్కగలుగుతున్నారా అని మూడు ప్రశ్నలు అడిగి ఉంటే వ్యాధి ఒక నెల ముందే బయటపడేది. యంత్రం చూపిన అంకెను చూసి నేనూ మోసపోయాను.

పూర్వం రైల్వేస్టేషన్లలో పెద్ద తూకపు యంత్రాలు ఉండేవి. నాణెం వేస్తే ఒక అట్టముక్క వచ్చేది. దానిపై ఒక ప్రక్క బరువు, రెండవ ప్రక్క జాతకం! ఇప్పుడు ఇంటింటా స్నానాల గది ముందర ఒక యంత్రం ఉన్నది. జాతకం లేదుగాని, దానిపై విశ్వాసం మాత్రం అట్లాగే నిలిచియున్నది. క్రొవ్వు తగ్గినదా, మాంసం తగ్గినదా, ఒంటిలో నీరు తగ్గినదా అన్నది ఆ ముల్లుకు తెలియదు. రోహిణీకార్తెలో మన తీరాన ఒక గంట చెమటోడ్చి నడిస్తే బరువు కొంత తగ్గుతుంది. రెండు గ్లాసుల మజ్జిగ త్రాగితే అందులో చాలా భాగం తిరిగి వస్తుంది.

చరక సంహిత సూత్రస్థానం ఇరవై ఒకటవ అధ్యాయంలో అతిస్థూలునికి ఎనిమిది దోషాలు చెప్పబడియున్నవి. ఆయుర్దాయం తగ్గుట, కదలికలో మాంద్యం, దాంపత్య సుఖంలో ఇబ్బంది, దౌర్బల్యం, శరీర దుర్గంధం, అధిక స్వేదం, అతి ఆకలి, అతి దాహం. ఈ ఎనిమిదింటిలో ఎక్కడా తూకం ప్రస్తావన లేదు. పెరిగిన శరీరానికి తగినట్లు ఉత్సాహం పెరగకపోవడాన్ని కూడా ఆచార్యుడు స్థూలుని లక్షణంగానే చెప్పినాడు. అట్లే విమానస్థానంలో రోగిని పది విధాలుగా పరీక్షించమన్నాడు. ఆ పదింటిలో 'ప్రమాణం' ఒకటి, 'వ్యాయామశక్తి' మరొకటి. ప్రమాణమనగా ఎవరి వ్రేలి వెడల్పుతో వారి శరీరాన్ని కొలుచుట. శాస్త్రంలోని అంగుళం నేటి టేపులోని అంగుళం కాదు. పొట్టివానికి పొట్టికొలత, పొడుగువానికి పొడుగుకొలత. వ్యాయామశక్తిని అతడు పని చేయగల సామర్థ్యాన్ని బట్టి నిర్ణయించాలి.

ఈ పద్ధతిని ఇంట్లో ఆచరించడానికి ఒక నూలుదారం చాలు. నిటారుగా నిలబడి తల నుండి మడమ వరకు దారం కొలిచి కత్తిరించండి. దానిని సగానికి మడవండి. ఇప్పుడు చివరి ప్రక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, పొట్టను లోపలికి లాగకుండా, శ్వాస మామూలుగా విడిచి, ఆ సగం దారాన్ని నడుము చుట్టూ త్రిప్పండి. కొసలు కలిసి కొంత మిగిలితే మంచిది. కలవకపోతే కడుపులో క్రొవ్వు చేరుతున్నదని అర్థం. నడుము కొలత ఎత్తులో సగం కంటే తక్కువగా ఉండవలెనని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2022లో చెప్పినవి. మన దేశీయులలో పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదని ఆధునిక వైద్యుల నిర్ణయం. మన పెద్దలకు మొలతాడు ఉండేది. అది బిగుసుకుంటే వదులుగా మరొకటి కట్టుకోవడం కాక, తిండి సంగతి ఆలోచించేవారు!

ఒకే ఎత్తు, ఒకే బరువు ఉన్న ఇద్దరు ఒకే ఆరోగ్యంతో ఉండరు. మైపాడు ఒడ్డున పెద్దవల లాగే మత్స్యకారుని చూడండి, బల్లముందు కూర్చుని లెక్కలు వ్రాసేవారిని చూడండి. తూకంలో ఇద్దరూ సమానం కావచ్చు. ఒకరి బరువు భుజాలలో, తొడలలో ఉన్నది. మరొకరిది పొట్టలో ఉన్నది. పూనాకు చెందిన వైద్యులు యాజ్ఞిక్, లండనుకు చెందిన వైద్యులు యడ్కిన్ కలిసి నిలబడిన ఛాయాచిత్రం ఒకటి 2004లో లాన్సెట్ పత్రికలో వెలువడి ప్రసిద్ధి పొందినది. ఎత్తుకు తగిన బరువు సూచిక ఇద్దరికీ ఒకటే, 22.3. క్రొవ్వు మాత్రం యడ్కిన్ గారికి 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2 శాతం. సన్నగా కనిపించే భారతీయుని లోపల క్రొవ్వు దాగియుండవచ్చునని ఆ చిత్రం లోకానికి చూపినది. బరువు సరిగా ఉన్నది కదా అని ధైర్యంగా ఉండేవారు ఇది గమనించవలెను.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మన ఆంధ్రలోనే ఉన్నది. కరణం మల్లీశ్వరి 1994, 1995 సంవత్సరాలలో 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత. 2000లో సిడ్నీ ఒలింపిక్సులో కాంస్యం గెలిచినది 69 కిలోల తరగతిలో, మొత్తం 240 కిలోలు ఎత్తి. పెరిగిన ప్రతి కిలో దోషం కాదు.

వ్యాయామం సరిగా సాగుతున్నదని తెలియడానికి మన ఆచార్యులు చెప్పిన గుర్తులు: శరీరం తేలికపడుట, పనిలో సామర్థ్యం, జఠరాగ్ని దీప్తి, క్రొవ్వు తగ్గి అవయవాలు గట్టిపడి విడివిడిగా తీరుగా కనిపించుట. వీటిని ఇంట్లోనే చూసుకోవచ్చు. ఉదయం మెలకువ రాగానే, పక్కమీద నుండి లేవకముందే, నిండు నిమిషం నాడి లెక్కపెట్టండి. క్రమంగా నడిచేవారికి కొన్ని నెలలలో ఆ సంఖ్య తగ్గుతూ వస్తుంది. జ్వరం వచ్చిన రోజు లెక్క పనికిరాదు. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు రొమ్ముపై కట్టుకుని, అర నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో వ్రాసుకోండి. పెద్దవారు ప్రక్కన ఒకరిని ఉంచుకుని చేయాలి. సముద్రతీరాన ఉన్నవారు అలలు తడిపిన గట్టి ఇసుకపై, ఎప్పుడూ ఒకే దూరం, ఒకే వేళ నడవండి. మాట్లాడుతూ నడవగలిగితే శ్రమ మితంగా ఉన్నది. మాట తెగిపోతే ఎక్కువైనది. వేళకు నిజమైన ఆకలి, సుఖవిరేచనం, గాఢనిద్ర ఉన్నవా అన్నది కూడా వ్రాయండి. గృహిణులకు ఒక మాట: నిండు బిందె ఎత్తునప్పుడు, ఆవకాయ జాడీ జరుపునప్పుడు నిరుటి కంటే సులువుగా ఉన్నదా కష్టంగా ఉన్నదా గమనించండి. పస్తులుండి నాలుగు కిలోలు తగ్గి, బిందె ఎత్తలేకపోతున్న స్త్రీలను చాలామందిని చూశాను.

శ్రమ కూడా శక్తిలో సగం వరకే. నుదుట, ముక్కుపై, చంకలలో చెమట పట్టి నోరు ఎండడం మొదలైతే ఆపివేయాలి. చలికాలంలో, వసంతంలో ఈ సగం. మన ఎండాకాలంలో అంతకంటే తక్కువ.

కొలతలు నెలకొకసారి చాలు. రోజూ కొలిచినందువలన ఆందోళన తప్ప ఫలం లేదు. మా గుమాస్తాగారు మందులు, ఆహారనియమం క్రమంగా పాటిస్తూ పోగొట్టుకున్న బరువులో మూడు కిలోలు తిరిగి పెరిగారు. నడుము దారం మాత్రం రెండు వ్రేళ్లు మిగులుతున్నది. మేడ మెట్లు ఆగకుండా ఎక్కుతున్నారు.

ప్రయత్నం లేకుండా బరువు తగ్గుతున్నా, తగ్గుదలతోపాటు అతి దాహం, అతి మూత్రం ఉన్నా ఆలస్యం చేయక రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి. నడకలో రొమ్ము పట్టివేసినట్లున్నా, ఎడమచేతికి నొప్పి ప్రాకినా అక్కడే ఆగి కూర్చోండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అటువంటి వేళ ఇంటివైద్యం చేయరాదు.