చెదరని లెక్క

పాఠ్యభాగ ఉద్దేశం: కంప్యూటరులో సమాచారం భద్రంగా నిలిచే తీరును, అందుకు తోడ్పడే ఒక చిన్న సాధనం చరిత్రను విద్యార్థులకు పరిచయం చేయడం.

లెక్క వ్రాయడం ఎంత ముఖ్యమో, వ్రాసిన లెక్క చెడకుండా నిలవడం అంతకంటె ముఖ్యం. కంప్యూటరు ప్రోగ్రాములు తమ సమాచారాన్ని ఫైళ్ళలో వ్రాసుకొంటాయి, అవసరమైనప్పుడు చదువుకొంటాయి. ప్రతి ప్రోగ్రాముకూ ఈ పనిని కొత్తగా నేర్పనవసరం లేకుండా, ముందే సిద్ధపరచి ఉంచిన ఆదేశాల సంపుటిని 'లైబ్రరీ' అంటారు. అట్టి వాటిలో ఎస్‌క్యూలైట్ సుప్రసిద్ధమైనది.

దీని సృష్టికర్త అమెరికాకు చెందిన రిచర్డ్ హిప్. ఆయన ఆ దేశపు నౌకాదళంలోని 'ఆస్కార్ ఆస్టిన్' అనే యుద్ధనౌక కోసం ఒక ప్రోగ్రామును రూపొందించే పనిలో ఉండేవారు. నౌకకు దెబ్బ తగిలి గొట్టాలు పగిలినప్పుడు కవాటాలను తగిన రీతిలో నియంత్రించడానికి అది ఉద్దేశింపబడింది. దానికి కావలసిన సమాచారం వేరొక డేటాబేస్ సర్వర్ ద్వారా అందేది. సర్వర్ ఆగిపోతే ప్రోగ్రాము కూడా నిస్సహాయంగా నిలిచిపోయేది. ఆపదలో ఆదుకోవలసిన సాధనం ఆపదలోనే మూగబోతే ప్రయోజనమేమి? మధ్యవర్తి లేకుండా ప్రోగ్రామే నేరుగా ఫైలును చదివి, వ్రాయగలగాలని హిప్ తలచారు. ఫలితంగా 2000 ఆగస్టులో ఎస్‌క్యూలైట్ తొలి రూపం వెలువడింది.

పరిమాణంలో ఇది చిన్నది. జాగ్రత్తలో మాత్రం గొప్పది. ఒక ఖాతా నుండి 500 రూపాయలు తీసి మరొక ఖాతాలో వేయాలనుకొందాం. మొదటి ఖాతాలో తగ్గించిన వెంటనే విద్యుత్తు పోతే ఆ సొమ్ము రెండింటా లేకుండా పోతుంది. ఈ ప్రమాదాన్ని నివారించడానికి ఎస్‌క్యూలైట్ సాధారణంగా, మార్చబోయే పుటల పాత ప్రతిని ముందుగా వేరొక చిట్టా ఫైలులో భద్రపరుస్తుంది. ఆ తరువాతనే అసలు ఫైలును దిద్దుతుంది. పని పూర్తికాగానే చిట్టాను తొలగిస్తుంది. నడుమ విద్యుత్తు పోయినచో, మరల తెరిచినప్పుడు మిగిలి ఉన్న చిట్టాను గుర్తించి పూర్వస్థితిని పునరుద్ధరిస్తుంది. పని పూర్తిగా జరగాలి, లేదా అసలు జరగకుండా ఉండాలి. సగంలో నిలిచిన లెక్కకు ఇక్కడ తావు లేదు.

హిప్ దీనిపై హక్కులను వదలుకొని లోకానికి ఉచితంగా అందించారు. నేడు ఆండ్రాయిడ్ ఫోన్లలోను, ఐఫోన్లలోను ఇది పనిచేస్తున్నది. 2004లో రూపొందిన మూడవ రూపాంతరపు ఫైళ్ళను నేటికీ చదవవచ్చు. 2050 వరకు దీనిని నిర్వహించాలన్నది నిర్మాతల సంకల్పం. ఫోనులో దాచుకొన్న ఆత్మీయుల పేర్లు, సందేశాలు బ్యాటరీ హఠాత్తుగా అయిపోయినా చెక్కుచెదరకుండా ఉంటున్నాయంటే, దాని వెనుక ఇటువంటి కనిపించని శ్రద్ధ ఉన్నది.

కఠిన పదాలు – అర్థాలు
కవాటం = ప్రవాహాన్ని ఆపి, విడిచే తలుపు
చిట్టా = దినవారీ లెక్కల పుస్తకం
పునరుద్ధరించు = తిరిగి నిలబెట్టు

ప్రశ్నలు
1. ఎస్‌క్యూలైట్ పుట్టుకకు దారితీసిన పరిస్థితులను వివరించండి.
2. విద్యుత్తు పోయినా లెక్క చెడకుండా నిలవడానికి చిట్టా ఏ విధంగా తోడ్పడుతుంది?