పాత రికార్డు ప్లేయర్ విప్పే చేతులకు

1. ఏళ్ల తరబడి అటకెక్కిన ప్లేయర్ తిరగకపోతే మోటారు కాలిందనుకుంటారు చాలామంది. నా చేతికొచ్చిన వాటిలో ఎక్కువగా మోటార్లు బాగానే ఉండేవి, పట్టేసింది గ్రీజు. రికార్డులను వాటంతటవే మార్చే గ్యారార్డ్, బి.ఎస్.ఆర్. ఛేంజర్లకు ఫ్యాక్టరీలో రాసిన గ్రీజు దశాబ్దాల మీద ఎండి లక్కలా గట్టిపడుతుంది. ముందు ప్లగ్గు పీకండి. తర్వాత పళ్లేన్ని చేత్తో తిప్పి, మీటలన్నీ ఒక్కొక్కటిగా కదిపి చూడండి. ఎక్కడ పట్టేసిందో వేలికే తెలుస్తుంది.

2. బలం చూపించకండి. లోపలి మీటలు, పళ్ల చక్రాలు చాలావాటిలో జింకు మిశ్రమంతో పోతపోసినవి. అవి వంగవు, పుటుక్కున విరుగుతాయి. విరిగితే కొత్తది దొరకదు. దాని కోసం ఇంకో ప్లేయర్‌ని చంపాలి, నాకు మనసొప్పదు.

3. వేడి మంచి పనిముట్టు. 33, 45, 78 మార్చే మీట కదలడం లేదనుకోండి. దాని ఇరుసు దగ్గర హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని, ఆగి ఆగి వేడిగాలి కొట్టండి. ప్లాస్టిక్‌కీ, ముల్లున్న తలకీ ఆ గాలి తగలనివ్వకండి. కాసేపటికి కీలు అంచున గోధుమరంగు గ్రీజు మెరుస్తూ కనబడుతుంది. అప్పుడు మీటను వెంట్రుకవాసి ఇటు, వెంట్రుకవాసి అటు ఆడించండి. వదిలింది కదా అని అక్కడితో ఆపేస్తే పని సగమే అయినట్టు, చల్లారగానే మళ్లీ పట్టేస్తుంది. మీటను పట్టి ఉంచే క్లిప్పు తీసి, దాన్ని బయటికి లాగి, ఇరుసునూ రంధ్రాన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గుడ్డకి మరక అంటనంత వరకూ తుడవాలి. ఆ తర్వాతే కొత్త గ్రీజు, అదీ పల్చగా. పాత గ్రీజు మీదే నూనె పోసి ఇచ్చేసిన ప్లేయర్లు నాలుగు నెలలు తిరగకుండానే వెనక్కి వస్తాయి.

4. పళ్లెం ఊడి రాకపోతే కింద స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తకండి, అంచు వంకర పోతుంది. పళ్లేన్ని పట్టి ఉంచే క్లిప్పు తీశాక ఒకరు రెండు వైపులా సమంగా పైకి లాగి పట్టుకోండి. ఇంకొకరు నడిమి కడ్డీ నెత్తిన చెక్కముక్క ఉంచి మెల్లగా తట్టండి. ఛేంజరైతే పొడుగు కడ్డీని ముందే తీసేయండి.

5. ఇంగ్లండు ప్లేయర్ల స్క్రూలు చాలావరకు బి.ఏ. మరవి. 4 బి.ఏ. మందం 3.6 మి.మీ. దాని చోట 4 మి.మీ. స్క్రూ బిగిస్తే లోపలి మర పోతుంది. స్క్రూ తుప్పుపట్టి కదలకపోతే తుప్పు వదిలించే నూనె చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే ముందు కాస్త బిగించి, ఆపైన విప్పండి.

6. పాట అయ్యాక ఆర్మ్‌ని లేపే యంత్రానికి సైగ చేసే చిన్న మీట ఒకటి పళ్లెం కింద ఉంటుంది. చివరి గాడిలో ముల్లు చేసే నెట్టుడికే అది కదలాలి. అక్కడ నూనె జిగటైతే ఆర్మ్ లేవదు, ముల్లు ఆ గాడిలోనే తిరుగుతూ ఉంటుంది. ఆల్కహాల్‌తో శుభ్రం చేసి పొడిగా వదిలేయండి. పళ్లేన్ని తిప్పే రబ్బరు చక్రం అంచు కూడా అంతే, నూనె సోకితే జారుతుంది.

7. మోటారు ఇరుసుల కంచు బుష్షులు చాలావాటిలో నూనె పీల్చుకునే రకం. కడిగితే లోపలి నూనె కూడా పోతుంది. గోరువెచ్చని పల్చటి మెషిన్ ఆయిల్‌లో నానబెట్టి బిగించండి. కొబ్బరినూనె మాత్రం వద్దు, 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. చలికాలం పొద్దున పాట బరువుగా మొదలవుతుంది.

8. కీ ఇచ్చే హెచ్.ఎం.వి. 102 లాంటి గ్రామఫోన్ల దారి వేరు. 1931 నుంచి వచ్చిన ఈ పెట్టెల్లో ఉక్కు స్ప్రింగు ఉంటుంది. కీ పూర్తిగా దిగిపోయేదాకా మోటారు స్క్రూ ఒక్కటి కూడా ముట్టకండి, వేళ్లు తెగుతాయి. స్ప్రింగు డబ్బా మూత తెరవడం అలవాటున్నవాళ్లకే వదిలేయండి. సౌండ్‌బాక్స్ ఆర్మ్‌కి పట్టేసి, దాని పోత లోహం మీద సన్నని బీటలు కనబడితే ఆ లోహమే ఉబ్బిందని అర్థం. నూనె, వేడి దాన్ని వదిలించలేవు, తిప్పితే ముక్కలవుతుంది. పాడుతున్నంతకాలం దాన్ని అలాగే పాడనివ్వండి.