పాఠం 7 : నర్సరీ బడిలో పిల్లలు ఏమి నేర్చుకుంటారు?

7.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు

• మూడు నుండి ఆరు సంవత్సరాల పిల్లలలో కలిగే వికాసాన్ని వివరించగలుగుతారు.
• ఆటల ద్వారా పిల్లలు ఏమి నేర్చుకుంటారో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• ఇంటి భాష, బడి భాష వేరైనప్పుడు పిల్లలకు ఎలా సహాయపడాలో తెలుసుకుంటారు.

7.2 ఉపోద్ఘాతం

గుజరాత్‌లో తపతీ నది సముద్రంలో కలిసేచోట, సూరత్ నగరానికి సమీపంలో హజీరా ఉంది. ఎరువులు, సహజవాయువు, ఉక్కు పరిశ్రమలు, ఓడరేవు ఉన్న ప్రాంతం ఇది. 1980ల నుండి ఈ పరిశ్రమలు పెరగడంతో అనేక రాష్ట్రాలవారు పనుల కోసం ఇక్కడికి వచ్చారు. సూరత్ నగరంలోనైతే తెలంగాణ జిల్లాల నుండి వచ్చి మరమగ్గాల మీద పనిచేసే నేత కుటుంబాలు చాలాకాలంగా స్థిరపడి ఉన్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ ప్రాథమిక పాఠశాలలను కూడా నడుపుతున్నది.

ఇటువంటి చోట ఒక తెలుగు ఇంటి పాప, మూడున్నర ఏళ్ళ వయసులో, నర్సరీలో చేరిందనుకుందాం. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. బడిలో టీచరు గుజరాతీలో పిలుస్తుంది. పక్కన కూర్చున్న బాబు హిందీలో మాట్లాడతాడు. గోడ మీద ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. రెండు నెలలు గడిచినా పాప బడిలో నోరు విప్పలేదు. "ఇంకా ఎ, బి, సి, డిలు కూడా రాలేదు" అని తల్లిదండ్రులు దిగులు పడుతున్నారు.

ఈ రెండు నెలలలో పాప నిజంగా ఏమీ నేర్చుకోలేదా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

7.3 శిశువిద్య ఎలా మొదలయింది?

జర్మనీ దేశస్థుడు ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల కోసం ఒక సంస్థను ప్రారంభించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఆ మాటకు 'పిల్లల తోట' అని అర్థం. మాంటిసోరి 1907లో రోమ్ నగరంలో 'పిల్లల ఇల్లు' తెరిచింది. ఆమె 1939లో మద్రాసుకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది.

గుజరాత్‌కు ఈ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. గిజుభాయి బధేకా న్యాయవాద వృత్తిని వదిలి, 1920లో భావనగర్‌లో బాలమందిరం స్థాపించాడు. పిల్లల మీద ఆయనకున్న ప్రేమను చూసి జనం ఆయనను 'మీసాల అమ్మ' అని పిలిచేవారు. హజీరా నుండి ఖంభాత్ సింధుశాఖకు ఆవలి ఒడ్డున ఉన్న ఘోఘాకు 2020 నవంబరులో ఓడ ప్రయాణం ప్రారంభమయింది. భావనగర్ ఆ ఘోఘాకు దగ్గరలోనే ఉంది. కొట్టకుండా, భయపెట్టకుండా, ఆటలతో, కథలతో పిల్లలకు నేర్పవచ్చని గిజుభాయి అక్కడ చేసి చూపించాడు.

1975 అక్టోబరు 2న ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని ప్రారంభించింది. అంగన్‌వాడీలు దీని కిందే ఏర్పడ్డాయి.

7.4 బడిలో జరిగే వికాసం

(అ) శరీరం, చేతులు

పరుగెత్తడం, గెంతడం, బంతి పట్టడం వల్ల పెద్ద కండరాలు బలపడతాయి. మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, కాగితం చింపి అంటించడం వల్ల వేళ్ళలోని చిన్న కండరాలకు పట్టు వస్తుంది. పెన్సిలు పట్టడానికి ఈ పట్టే ఆధారం. వేళ్ళు కుదరని బిడ్డ చేత పలక నిండా రాయిస్తే చేయి నొప్పి పెడుతుంది. బడి మీద విసుగు పుడుతుంది.

(ఆ) నలుగురితో మెలగడం

ఆటలో పిల్లలు ఎలా కలుస్తారో మిల్‌డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు 1932లో వివరించింది. బిడ్డ ఒంటరిగా ఆడుకుంటుంది. ఇతరుల ఆటను చూస్తూ నిలబడుతుంది. పక్కపక్కనే ఉన్నా ఎవరి ఆట వారు ఆడతారు. తరువాత వస్తువులు, మాటలు ఇచ్చిపుచ్చుకుంటారు. చివరికి అందరూ కలిసి ఒకే ఆట ఆడతారు. మన పాప రెండు నెలలుగా ఇతరులను చూస్తూ ఉందంటే అది కూడా నేర్చుకోవడంలో భాగమే.

ఉయ్యాల దగ్గర తన వంతు కోసం ఆగడం, అమ్మ వెళ్ళినా సాయంత్రం తిరిగి వస్తుందని నమ్మడం, కోపం వచ్చినప్పుడు కొట్టకుండా చెప్పడం—ఇవి చిన్న విషయాలు కావు. జీవితమంతా పనికివచ్చే పాఠాలు.

(ఇ) ఆలోచన

ఒకటి నుండి ఇరవై దాకా గడగడా చెప్పే బిడ్డను "ఐదు బిస్కెట్లు ఇవ్వు" అని అడగండి. గుప్పెడు తీసి ఇవ్వవచ్చు. అంకెల పేర్లు రావడం వేరు, లెక్క తెలియడం వేరు. పళ్ళాలు పంచడం, చెప్పులు జత చేయడం వంటి పనులతో లెక్క అర్థమవుతుంది.

మీరే చేసి చూడండి : ఒకే రకమైన రెండు గ్లాసులలో నీళ్ళు సమానంగా పోయండి. రెండూ సమానమేనని నాలుగేళ్ళ బిడ్డ ఒప్పుకున్న తరువాత, ఒక గ్లాసు నీళ్ళను సన్నగా, పొడవుగా ఉన్న గ్లాసులో పోయండి. ఎందులో ఎక్కువ ఉన్నాయని అడగండి. ఈ వయసు పిల్లలు సాధారణంగా పొడవు గ్లాసునే చూపిస్తారు. ఇది తెలివితక్కువతనం కాదు. ఆ వయసులో కంటికి కనిపించేదే ఆలోచనను నడిపిస్తుందని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పియాజె చెప్పాడు.

7.5 ఇంటి భాష, బడి భాష

కొత్త భాష వినిపించే చోట చాలామంది పిల్లలు కొన్ని వారాలు, కొందరు కొన్ని నెలలు మౌనంగా ఉంటారు. ఆ సమయంలో చెవులు పనిచేస్తూనే ఉంటాయి. టీచరు 'పాణీ' అనగానే పాప తన నీళ్ళ సీసా తీసిందంటే, ఆ మాట ఆమెకు వచ్చినట్లే. నోటికి రావడానికి ఇంకా సమయం పడుతుంది.

తరువాత పాప "అమ్మా, పాణీ కావాలి" అని రెండు భాషలు కలిపి అనవచ్చు. దీనికి కంగారు పడకండి, ఎగతాళి చేయకండి. "నీళ్ళు కావాలా? ఇదుగో నీళ్ళు" అని మీరు తెలుగులో చెప్పండి, చాలు.

బడి భాష త్వరగా రావాలని కొందరు ఇంట్లో తెలుగు మానేస్తారు. తమకే సరిగా రాని భాషలో బిడ్డతో రెండు ముక్కలు మాట్లాడి ఊరుకుంటారు. అప్పుడు ఎందుకు, ఎలా అనే ప్రశ్నలు, కథలు, కబుర్లు తగ్గిపోతాయి. ఊరి నుండి అమ్మమ్మ ఫోన్ చేస్తే బిడ్డ బదులు చెప్పలేదు. ఇంటి భాషలో 'బరువు, తేలిక, ముందు, తరువాత' అనే భావాలు తెలిసిన బిడ్డకు గుజరాతీలోనో హిందీలోనో ఆ మాటలు మాత్రమే కొత్త. భావం తెలియని బిడ్డకు రెండూ కొత్తే. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనంతవరకు కనీసం ఐదవ తరగతి దాకా ఇంటి భాషలో బోధించాలని సూచించింది.

గమనిక : బిడ్డ ఇంట్లో కూడా మాట్లాడకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

7.6 అక్షరాలకు తొందర ఎందుకు వద్దు?

వినడం, మాట్లాడడం, బొమ్మలు గీయడం, కథ వరుసగా చెప్పడం—వీటి తరువాత అక్షరాలు సులభంగా వస్తాయి. గుజరాత్‌లో 2023–24 విద్యాసంవత్సరం నుండి ఒకటవ తరగతిలో చేరడానికి ఆరేళ్ళు నిండాలనే నియమం అమలయింది. దానికి ముందు సంవత్సరానికి 'బాలవాటిక' ఏర్పాటయింది. కాబట్టి మూడేళ్ళ బిడ్డకు ఆడుకునే కాలం ఇంకా ఉంది.

సాయంత్రం "ఈరోజు ఏమి రాశావు?" అనే ప్రశ్నకు బదులు "ఎవరితో ఆడావు? ఏ పాట పాడారు?" అని అడిగి చూడండి. షిఫ్టు నుండి అలసి వచ్చిన తండ్రి కూడా పది నిమిషాలు ఒక కథ చెప్పవచ్చు. చిక్కుడుకాయలు తుంచేటప్పుడు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుంటే వేళ్ళకు పని, నోటికి మాట రెండూ దొరుకుతాయి.

7.7 సారాంశం

నర్సరీ బడి చిన్న ఒకటవ తరగతి కాదు. అక్కడ శరీరం, మనసు, మాట, ఆలోచన కలిసి ఎదుగుతాయి. మౌనంగా ఉన్న బిడ్డ కూడా నేర్చుకుంటూ ఉండవచ్చు. ఇంటి భాష బడి చదువుకు పునాది.

మీ ప్రగతిని తెలుసుకోండి

I. ఖాళీలను పూరించండి.
1. కిండర్‌గార్టెన్ అనే మాటకు అర్థం ______.
2. భావనగర్‌లో బాలమందిరం స్థాపించినవారు ______.

II. ఒప్పా, తప్పా చెప్పండి.
3. ఇరవై దాకా అంకెలు చెప్పే బిడ్డకు లెక్క పూర్తిగా వచ్చినట్లే.
4. బిడ్డకు బడి భాష రావాలంటే ఇంట్లో తెలుగు మానేయాలి.

III. ఐదు వాక్యాలలో రాయండి.
5. మీ ఇంట్లో లేదా పక్కింట్లో ఉన్న మూడు నుండి ఆరేళ్ళ బిడ్డను ఒక గంటసేపు గమనించండి. ఆ బిడ్డ ఆటలో నేర్చుకున్నవి ఏవి?

జవాబులు : 1. పిల్లల తోట 2. గిజుభాయి బధేకా 3. తప్పు 4. తప్పు 5. మీ జవాబును 7.4లోని మూడు అంశాలతో పోల్చి చూసుకోండి.