అడిగి తెలుసుకొనే విద్య: ఎస్.ఎన్.ఎం.పి.

అడగందే అమ్మయినా పెట్టదని సామెత. యంత్రమూ అంతే. సర్వర్లు, రౌటర్లు, స్విచ్‌ల స్థితిగతులను దూరం నుండి విచారించడానికి 1988లో వెలువడిన నియమావళియే ‘సింపుల్ నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ ప్రోటోకాల్’.

ఇందులో ప్రశ్నించేది మేనేజర్. ప్రతి పరికరంలోనూ ఉండి బదులు చెప్పేది ఏజెంట్. అడుగదగిన ప్రతి అంశానికీ అంకెలతో కూడిన చిరునామా ఉంటుంది. ఉదాహరణకు 1.3.6.1.2.1.1.3.0 అని అడిగితే, ఏజెంట్ తాను పని ప్రారంభించి ఎంతకాలమైనదో సెకనులో నూరవ వంతుల లెక్కన తెలుపుతుంది. ప్రశ్నలు ఏజెంట్ 161వ పోర్టుకు చేరుతాయి. ఆపద కలిగినపుడు ఏజెంట్ తనంతట తానే మేనేజర్ 162వ పోర్టుకు ‘ట్రాప్’ అనే హెచ్చరికను పంపుతుంది.

అయితే ట్రాప్ చేరినట్లు రసీదు రాదు. అది దారిలోనే నశించవచ్చు. విద్యుత్తు పోయిన యంత్రం దానిని పంపనే లేకపోవచ్చు. కనుక మౌనాన్ని క్షేమమని భావించరాదు. నియమిత వ్యవధిలో ప్రశ్నిస్తూనే ఉండాలి. బదులు రాకపోవడం కూడా ఒక సమాచారమే. వ్యవధి దీర్ఘమైతే మరొక చిక్కు. 100 మెగాబిట్ల మార్గం నిండుగా నడిచితే, 32 బిట్ల లెక్క ఆరు నిమిషాలలోపే నిండి తిరిగి సున్నాకు వస్తుంది. పది నిమిషాలకొకసారి అడిగేవారికి దక్కేది తప్పు లెక్కే. అందుకే వేగవంతమైన మార్గాలకు 64 బిట్ల లెక్క ఏర్పడినది.

అడిగేవారెవరన్నదీ ముఖ్యమే. తొలి రూపంలో సంకేతపదం బాహాటంగా ప్రయాణిస్తుంది. పలుచోట్ల అది ‘పబ్లిక్’ అనే పదంగానే మిగిలిపోయింది. 2002లో ప్రమాణంగా స్థిరపడిన మూడవ రూపం అడిగినవారిని నిర్ధారించుకొని, సమాధానాన్ని గూఢలిపిలో పంపగలదు.

విద్యార్థులారా! ఫిర్యాదు వచ్చేవరకు వేచియుండక ముందుగా విచారించడమే ఈ విద్యలోని సారం.