అడవి లోయ - పాత మిల్లు



ఈ పాఠంలో మనం దూరదేశం పోయివద్దాం. ఇంగ్లాండు దేశంలో ఒక అడవి లోయ ఉంది. దాని పేరు హార్డ్‌కాసిల్ క్రాగ్స్. పలకడానికి కొంచెం కష్టమే. కూడబలుక్కొని చదవండి. హార్డ్ - కాసిల్ - క్రాగ్స్. క్రాగ్స్ అంటే నిట్టనిలువు బండలు.

"ఎక్కడో ఉన్న లోయతో మనకేం పని?" అని మీరు అడగొచ్చు. పని ఉంది. ఆ లోయలో ఒకప్పుడు పత్తి మిల్లు నడిచింది. కూలీలు అందులో రోజుకు 12 గంటలు పని చేశారు. ఇవాళ అదే చోటికి జనం అలసట తీర్చుకోవడానికి పోతున్నారు. ఈ మార్పు ఎట్లా వచ్చిందో తెలుసుకుందాం.

లోయ ఎక్కడ ఉంది?

ఇంగ్లాండు రాజధాని లండన్. లండన్‌కు ఉత్తరాన సుమారు 300 కిలోమీటర్ల దూరంలో హెబ్డెన్ బ్రిడ్జ్ అనే చిన్న పట్నం ఉంది. అది కొండల నడుమ ఉంది. రైలు దిగి, ఊరు దాటి రెండు మూడు కిలోమీటర్లు నడిస్తే లోయ మొదలవుతుంది.

లోయలోకి నడిచి పోవడానికి టిక్కెట్టు లేదు. ఎవరైనా పోవచ్చు. కారు నిలుపుకుంటే మాత్రం రుసుము కట్టాలి.

లోయ మధ్యలో ఒక వాగు పారుతుంది. దాని పేరు హెబ్డెన్ వాటర్. వాగు పక్కనే కాలిబాట ఉంది. అవతలి ఒడ్డుకు పోవడానికి వాగులో పెద్ద రాళ్లు వరసగా వేశారు. ఒక్కో రాయి మీద అడుగు వేస్తూ దాటాలి. నీళ్లు ఎక్కువగా ఉన్నప్పుడు దాటకూడదు.

రెండు పక్కలా చెట్లే. ఓక్, బీచ్, పైన్ అనేవి ఆ చెట్ల పేర్లు. మే నెలలో చెట్ల కింద నేలంతా నీలిరంగు పూలు పూస్తాయి. అక్టోబరు వచ్చిందంటే ఆకులు పసుపు రంగుకు, రాగి రంగుకు మారి రాలిపోతాయి. చలికాలమంతా చాలా చెట్లు మోడులే. పైన్ చెట్లు మాత్రం పచ్చగానే ఉంటాయి.

చీమల ఇళ్లు

ఆ అడవిలో చీమల ఇళ్లు చూసి తీరాలి. మన దగ్గర చెదపురుగులు మట్టితో పుట్టలు పెడతాయి గదా! అక్కడి అడవి చీమలు పైన్ ఆకులతో, పుల్లలతో పుట్టలు పెడతాయి. పైన్ ఆకు సూది లాగా సన్నగా ఉంటుంది. వేల వేల ఆకులు మోసుకొచ్చి కుప్ప వేస్తాయి. అదే వాటి ఇల్లు. ఎండ తగిలితే లోపల వెచ్చగా ఉంటుంది. మన గడ్డి ఇంటి కప్పు లాగే అది వానకు కాపు కాస్తుంది.

ఇంకో వింత వినండి. పత్తి చేనులో పేనుబంక పడుతుందని మీకు తెలుసు. చెట్లకు పట్టే పేనుబంకను ఈ చీమలు పాడి పశువుల్లా చూసుకుంటాయి. శత్రువులు రాకుండా కాపలా కాస్తాయి. పేనుబంక నుంచి వచ్చే తియ్యని రసం తాగుతాయి.

నీటితో నడిచిన మిల్లు

వాగు వెంట ఇంకా పైకి పోతే రాతితో కట్టిన పెద్ద భవనం కనిపిస్తుంది. అదే గిబ్సన్ మిల్లు. 1800 ప్రాంతంలో కట్టారు. అప్పటికి కరెంటు లేదు. మరి మిల్లు ఎట్లా తిరిగింది? నీటితో తిరిగింది.

వాగుకు అడ్డుకట్ట వేశారు. నీళ్లు మడుగులో నిలిచాయి. మడుగు నుంచి నీటిని పెద్ద చక్రం మీదికి వదిలారు. నీటి బరువుకు, వేగానికి చక్రం తిరిగింది. చక్రంతో పాటు లోపలి యంత్రాలు తిరిగాయి. యంత్రాలు పత్తిని నూలుగా వడికాయి. తరువాత బట్ట కూడా నేశారు.

ఇంగ్లాండు చలి దేశం. అక్కడ పత్తి పండదు. ఓడల మీద బయటి దేశాల నుంచి వచ్చేది. ఎక్కువ పత్తి అమెరికా నుంచి వచ్చేది. అక్కడి చేలల్లో నల్లజాతి బానిసలు కూలి లేకుండా పత్తి తీసేవారు. ఇంగ్లాండు మిల్లులలో తయారైన చవక బట్ట మన దేశానికి కూడా వచ్చింది. మన చేనేత వాళ్ల మగ్గాలు ఎన్నో మూలపడ్డాయి.

చూశారా? ఒక్క బట్ట ముక్క వెనక ఎన్ని దేశాల వాళ్ల కష్టం ఉందో!

వారానికి 72 గంటలు

1833లో గిబ్సన్ మిల్లులో 21 మంది పని చేసేవారు. ఒక్కొక్కరు సగటున వారానికి 72 గంటలు పని చేశారు. ఆదివారం సెలవు తీసేస్తే ఆరు రోజులు. రోజుకు 12 గంటలన్నమాట.

ఆ రోజుల్లో ఇంగ్లాండు పత్తి మిల్లుల్లో ఆడవాళ్లు, పిల్లలు చాలామంది పని చేసేవారు. మగవాళ్ల కన్నా వాళ్లకు కూలి తక్కువ. పిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి. తెగిన దారాలు అతకడానికి వాళ్లను పెట్టుకునేవారు. యంత్రాల మోతకు పక్కవాళ్ల మాట కూడా వినబడదు. గాలిలో దూది పొట్టు ఎగురుతుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోయి దగ్గు, ఆయాసం వచ్చేవి.

బయట చల్లని అడవి. పారే వాగు. కాని లోపల ఉన్న మనిషికి వాటిని చూసే తీరిక ఏది?

చట్టం వచ్చింది

దీని మీద జనం గొడవ చేశారు. సభలు పెట్టారు. అర్జీలు ఇచ్చారు. 1833లో ప్రభుత్వం చట్టం చేసింది.

బట్టల మిల్లుల్లో 9 ఏళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోరాదన్నారు. 9 నుంచి 13 ఏళ్ల లోపు పిల్లల చేత వారానికి 48 గంటలకు మించి పని చేయించరాదన్నారు. వాళ్లకు రోజూ రెండు గంటలు చదువు చెప్పాలన్నారు. చట్టం నడుస్తున్నదా లేదా అని చూడటానికి తనిఖీ అధికారులను పెట్టారు. ఈ చట్టం పట్టు మిల్లులకు పూర్తిగా వర్తించలేదు.

తరువాత 1847లో ఇంకో చట్టం వచ్చింది. ఆడవాళ్లకు, 18 ఏళ్ల లోపు వాళ్లకు రోజుకు 10 గంటల పని అన్నారు. 12 గంటలు 10 కావడానికి ఎన్ని ఏళ్ల పోరాటమో చూడండి. ఏ హక్కూ అడగకుండా రాలేదు.

మిల్లు ఆగింది, జనం వచ్చారు

కాలం మారింది. పట్నాల్లో బొగ్గుతో, ఆవిరితో నడిచే పెద్ద మిల్లులు వచ్చాయి. అడవిలోని చిన్న మిల్లు వాటితో పోటీ పడలేకపోయింది. 1890 ప్రాంతంలో గిబ్సన్ మిల్లులో బట్ట నేయడం ఆగిపోయింది.

అప్పటికి కూలీలకు సెలవులు పెరిగాయి. రైళ్లు వచ్చాయి. సెలవు రోజున పట్నాల నుంచి జనం ఈ లోయకు రావడం మొదలుపెట్టారు. పాత మిల్లులోనే భోజనశాల పెట్టారు. మడుగులో పడవలు తిప్పారు. లోపల నాట్యం చేయడానికి కూడా చోటు చేశారు.

ఈ అడవిలో ఏటవాలుగా ఒక బండ ఉంది. ఆ కాలంలో అక్కడి పిల్లలు చెక్క అడుగు ఉన్న చెప్పులు తొడిగేవారు. మన పావుకోళ్లు గుర్తున్నాయా? కొంచెం అట్లాంటివే. అడుగున ఇనుప పట్టీ ఉండేది. వాటితో బండ మీద సర్రున జారేవారు. జారుడు బండ అనే ఆ పేరు ఇప్పటికీ ఉంది.

అడవి అందరిదీ

1895లో ఇంగ్లాండులో ఒక సంస్థ పుట్టింది. పేరు నేషనల్ ట్రస్ట్. ఇది ప్రభుత్వ సంస్థ కాదు. సేవా సంస్థ. దీన్ని పెట్టిన ముగ్గురిలో ఒకరు మహిళ. ఆమె పేరు ఆక్టేవియా హిల్. ఆమె లండన్‌లో పేదల ఇళ్లు బాగుచేయించిన మనిషి. ఇరుకు గదుల్లో బతికే పేదలకు కూడా గాలి, వెలుతురు, పచ్చని చోటు కావాలని ఆమె పట్టుబట్టింది.

1950లో ఈ లోయ ఆ సంస్థ చేతికి వచ్చింది. లోయను ముంచి నీళ్లు నిలిపే పథకాలు కూడా వచ్చాయి. జనం ఎదురు తిరిగారు. ఆ పథకాలు ఆగిపోయాయి.

పాత మిల్లును కూడా బాగుచేశారు. 2005 నుంచి అది చూడటానికి వచ్చేవాళ్ల కోసం తెరిచి ఉంది. ఈ మిల్లుకు బయటి కరెంటు తీగ లేదు. వాగు నీటితోనే కరెంటు తీస్తారు. కొంత ఎండ నుంచి తీస్తారు. చలికి అడవి కట్టెలతో వెచ్చదనం తెచ్చుకుంటారు. వాగు ఇప్పుడూ పని చేస్తున్నది. కాని ఎవరి చేతా 12 గంటలు పని చేయించడం లేదు.

లోయ ఊరిని కాపాడుతుంది

2015 డిసెంబరు 26న హెబ్డెన్ బ్రిడ్జ్ ఊరికి పెద్ద వరద వచ్చింది. ఇళ్లల్లోకి, దుకాణాల్లోకి నీళ్లు వచ్చాయి. తరువాత ఊరివాళ్లు ఆలోచించారు. "వాన నీళ్లు కొండ మీద నుంచి ఒక్కసారిగా పడుతున్నాయి. వాటిని మెల్లగా దింపాలి" అనుకున్నారు.

స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు అడవిలోకి పోయారు. చిన్న చిన్న పాయలకు అడ్డంగా దుంగలు వేశారు. ఇట్లాంటి కట్టలు వందల కొద్దీ కట్టారు. ఇవి నీళ్లను పూర్తిగా ఆపవు. సందుల్లోంచి పోనిస్తాయి. పెద్ద వాన పడ్డప్పుడు నీటి వేగాన్ని తగ్గిస్తాయి. మన ఊళ్లలో వాలు నేలల్లో రాతికట్టలు వేస్తాం గదా! అట్లాంటి ఉపాయమే.

ఊరు లోయను చూసుకుంటున్నది. లోయ ఊరికి కాపు కాస్తున్నది.

ఆ లోయకు పోయినవాళ్లు పాటించేవి కొన్ని ఉన్నాయి. నిప్పు పెట్టరు. చీమల పుట్టలు కదపరు. తెచ్చుకున్న చెత్త తిరిగి తీసుకుపోతారు. ఆ లోయ ప్రశాంతంగా ఉందంటే ఊరకే లేదు. ఎందరో అడిగి, పోట్లాడి, కాపాడుకుంటేనే ఉంది.

జవాబులు చెప్పండి

1. గిబ్సన్ మిల్లు దేనితో నడిచింది?
2. 1833 చట్టం పిల్లలకు రోజూ ఎన్ని గంటల చదువు చెప్పాలన్నది?
3. దుంగల కట్టల వల్ల ఊరికి ఏం లాభం?

లెక్క చేయండి

వారానికి 72 గంటల పని. ఆరు రోజులకు పంచితే రోజుకు ఎన్ని గంటలు? మీరు ఇంట్లో, బయట కలిపి రోజుకు ఎన్ని గంటలు పని చేస్తున్నారు? రాసి చూడండి.

మాట్లాడుకోండి

మీ ఊరి చెరువు, అడవి, గుట్ట ఎవరివి? వాటిని ఎవరు చూసుకుంటున్నారు? ఆడవాళ్లు కూర్చొని అలసట తీర్చుకునే చోటు మీ ఊళ్లో ఉందా? లేకపోతే ఎవరిని అడగాలి? అందరూ కలిసి ఒక అర్జీ రాయండి. కింద మీ చేత్తోనే సంతకాలు పెట్టండి.